ఐదో పీపా

"కాఫీలో చక్కెర వెయ్యలేదని చెప్పు," అన్నాడు లియాండ్రో.

చెప్పాల్సిన మనిషి ఆయనకు రెండడుగుల దూరంలో, పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. అయినా ఆయన కోడలి వైపే చూసి చెప్పాడు.

నోయెమి అత్తగారి వీపు వైపు చూసింది. "అత్తయ్యా, చక్కెర..."

అంపారో పెనం మీద మొక్కజొన్న రొట్టె తిప్పింది. తీరిగ్గా ఇంకొకటి వేసింది. అప్పుడు చక్కెర డబ్బా తీసి బల్లమీద పెట్టింది, సరిగ్గా మొగుడి చేతికి అందనంత దూరంలో.

ఇది నాలుగో రోజు.

బుధవారం ఊరి పత్రికలో అర్రియేటాల గోధుమ బీరు గురించి అర పేజీ రాశారు. పీపాల ముందు లియాండ్రో, ఆయన భుజం పక్కన కొడుకు దామియాన్, పెద్ద ఫొటో. దాని కింద లియాండ్రో అన్న మాటలు: 'ఏ పీపా ఉంచాలో, ఏది పారబొయ్యాలో చెప్పే నాలుక మా అర్రియేటాల రక్తంలోనే ఉంది. మా నాన్నది నాకొచ్చింది. నాది నా కొడుక్కొచ్చింది.'

అంపారో కళ్లద్దాలు పెట్టుకుని అది రెండుసార్లు చదివింది. పత్రిక మడిచి గూట్లో పెట్టింది. ఆ క్షణం నుంచి మొగుడితో ఒక్క మాట లేదు.

"పదింటికి హాల్వర్సన్ గారొస్తారు," అన్నాడు లియాండ్రో, చక్కెర డబ్బా కోసం లేవకుండానే. "పీపాలు రుచి చూసేటప్పుడు మీ అత్తయ్య కొట్టంలోకి వస్తుందో రాదో కనుక్కో."

"మీరే అడగండి మావయ్యా. ఇక్కడే ఉన్నారుగా."

"నేనడిగితే రాదు."

ఆ గొంతులో కోపం ఉందనుకుంది నోయెమి. మళ్లీ చూస్తే అది కోపంలా లేదు. అరవై మూడేళ్ల మనిషి, కొండలా ఉండే మనిషి, పెళ్లాం వీపు వైపు దొంగచూపులు చూస్తున్నాడు. పెళ్లాం అలిగితే ఇంత భయమా?

వెనక తలుపు తెరుచుకుంది. దామియాన్ బూట్ల మట్టి గడప దగ్గర దులిపి లోపలికొచ్చాడు. వెంట చలి కూడా వచ్చింది.

"సోమవారం తెల్లారేసరికి మంచు కడుతుందట. రేడియోలో మళ్లీ చెప్పారు. ఈసారి తోటలో పెద్ద గాలిపంకాలు తిప్పినా కాయ నిలవదంటున్నారు." నిలబడే రొట్టె చుట్టుకుని కొరికాడు. "కోతకి సెల్సో ఆరుగురు కూలీల్ని తీసుకొచ్చాడు. తోటలో కూర్చోబెట్టాను. ఎన్ని పీపాలకి కాయ వెయ్యాలో మధ్యాహ్నానికల్లా తేల్చండి నాన్నా. అందుకు సరిపడా చెట్లు మనకుంచి మిగతావి పళ్లు ప్యాకింగ్ చేసేవాళ్లకి కోయించేస్తాను. వాళ్ల లారీ సాయంత్రం ఐదింటికొస్తుంది."

తోటంటే కొండవాలు మీద ఆరెకరాల ఎర్రగుజ్జు బత్తాయి. దామియాన్ పెళ్లికి లియాండ్రో కొడుకు పేర రాసిచ్చాడు. ప్రతి ఏడూ ఫిబ్రవరిలో ఆ కాయలు, ఆ తొక్కలే పీపాల్లోకి వెళ్లేవి.

"ఐదో పీపా సంగతి మావయ్యకి చెప్పావా?" అంది నోయెమి.

దామియాన్ నమలడం ఆపాడు. "మొదలెట్టావా?"

"నిన్న సాయంత్రం నీకు చెప్పాను. చెప్తానన్నావు."

"చెప్పడానికేముంది? అది మన పీపాల వాసన. పులియబెట్టడానికి ఈస్టు పొట్లం కొని చల్లే వాళ్లకి రాదది. తొట్టి తెరిచిపెడితే గాలిలోంచి వచ్చి వాలేది, అడవి వాసన. నువ్వొచ్చి మూడేళ్లయింది, ఇంకా అలవాటు పడలేదు."

"అడవి కాదు. గోళ్ల రంగు తుడుచుకునే మందు వాసన అది."

లియాండ్రో నవ్వాడు. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి. "అయితే చెయ్యి కడుక్కుని మళ్లీ వాసన చూడమ్మాయ్! నీ గోళ్లదే అయ్యుంటుంది."

దామియాన్ కూడా నవ్వాడు.

నోయెమి రెండు చేతులూ బల్లమీద చాచి పెట్టింది. గోళ్లకి రంగు లేదు. ఈ ఇంటికొచ్చాక ఎప్పుడూ లేదు. పీపాలు కడిగి కడిగి కొసలు అరిగిపోయి ఉన్నాయి.

తండ్రీ కొడుకులు ఆ చేతుల వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. లియాండ్రో చల్లారిన కాఫీ చక్కెర లేకుండానే తాగి లేచాడు. ఆయన వెనకే దామియాన్ వెళ్లిపోయాడు.

వంటింట్లో పెనం చిటచిట మాత్రమే మిగిలింది.

"ఎప్పుడు చూశావు?"

నోయెమి ఉలిక్కిపడింది. అంపారో ఇటు తిరిగి ఉంది.

"నిన్న సాయంత్రం అత్తయ్యా. అన్నీ చూశాను. ఒకటి, రెండు, నాలుగు బాగున్నాయి. మూడోది నాకు అంతు పట్టలేదు. ఏదో మూత వేసి ఉంచిన వాసన. ఐదోది మాత్రం..."

"ఐదోది పోయింది," అంది అంపారో. "గురువారమే చూశాను."

"మీకు తెలుసా! మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను?"

నోయెమి పొయ్యి దగ్గరికి వచ్చింది. నేను లేనా అనబోయి ఊరుకుంది. మూడేళ్లలో అత్తగారు బీరు గురించి తనతో మాట్లాడటం ఇదే మొదలు. రుచి చూసే రోజున ఓ మూల స్టూలు మీద కూర్చుని ఉండటం తప్ప, ఆవిడకి ఆ పీపాలతో పనేమిటో నోయెమి ఎప్పుడూ ఆలోచించలేదు.

అంపారో పొయ్యి ఆర్పింది. నడుముకున్న ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. శాలువా కప్పుకుంది.

"పద, వెళ్దాం. అడగమన్నాడుగా, వస్తున్నానని చెప్పు."

*

హాల్వర్సన్ గారు చెప్పిన టైముకే వచ్చింది. కొండ మీద భోజనశాల ఆవిడది. పొడుగాటి మనిషి, మగవాళ్ల కోటు. ఈ బీరులో సగానికి పైగా ఏటా ఆవిడే పట్టుకెళ్తుంది.

కొట్టంలో ఐదు పీపాలు వరసగా పడుకుని ఉన్నాయి. రెండు చలికాలాల కిందట గోధుమ, బార్లీ కలిపి ఉడికించి, వెడల్పాటి రాగితొట్టిలో రాత్రంతా ఆరుబయట గాలికి వదిలి, పొద్దున్నే వాటిలో నింపారు. అప్పటినుంచి వాటంతటవే పులుస్తున్నాయి.

దామియాన్ పట్టకారుతో మొదటి పీపాకి కొట్టిన మేకు లాగి, ఆ చిల్లులోంచి వచ్చింది గ్లాసుల్లో పట్టాడు. పలచటి గడ్డిరంగు.

లియాండ్రో గ్లాసు వెలుతురుకి ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి, పెళ్లాం వైపు చూశాడు.

అంపారో స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

లియాండ్రో ఇంకా చూస్తూనే ఉన్నాడు. హాల్వర్సన్ గారు గ్లాసు ఎత్తబోయి ఆయన కోసం ఆగింది. కొట్టంలో ఎవరూ కదల్లేదు. అంపారో చేతులు కూడా కదల్లేదు.

అప్పుడు తట్టింది నోయెమికి. అంతకు ముందు రెండేళ్లూ ఇదే రోజు, ఇదే స్టూలు. అత్తగారి చెయ్యి మెడలో సిలువ మీదికి వెళ్లేది, మావయ్య 'ఉంచుదాం' అనేవాడు. చెయ్యి ఏప్రన్ జేబులోకి వెళ్లేది, మావయ్య మొహం ముడిచి 'పారబొయ్యండి' అనేవాడు. అది ఆవిడ అలవాటనుకుంది తను.

ఇవాళ ఆ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"పులుపు సరిగ్గా కుదిరింది," అన్నాడు లియాండ్రో చివరికి, ఒక గుక్క తాగి. "ఉంచుదాం."

నిజమే. బాగుంది. హాల్వర్సన్ గారు తలూపింది.

రెండోది. మళ్లీ ముక్కు, మళ్లీ ఆ చూపు. అంపారో కొట్టం కిటికీలోంచి బయటికి చూస్తోంది. లియాండ్రో మెడ మీద చెమట పట్టింది, ఆ చలిలో.

"ఇదీ ఉంచుదాం."

మూడోది నోట్లో పోసుకుని చాలాసేపు మింగలేదు. "ఇది... తర్వాత చూద్దాం."

దామియాన్ తండ్రి వైపు వింతగా చూశాడు. "తర్వాతా? ఎప్పుడూ అలా అనలేదే మీరు!"

"అన్నానుగా ఇప్పుడు. నాలుగోది పట్టు."

నాలుగోది ఉంచుదామన్నాడు. ఐదోది గ్లాసులో పడుతుండగానే వాసన నోయెమి ముక్కుకి తగిలింది. నిన్నటికంటే ఎక్కువగా ఉంది. లియాండ్రో ముక్కు గ్లాసులో పెట్టి నిండా పీల్చాడు. నోయెమి ఆయన మొహమే చూస్తోంది. ఆ మొహంలో రేఖ కూడా మారలేదు.

ఒక గుక్క తాగాడు. చప్పరించాడు. పులుపు బాగా పట్టిందేమో, మొహం వెలిగింది.

"ఇదీ అసలు పీపా అంటే! ఈ ఏడాది దీనికే పెద్దపీట. తోటలో సగం కాయ దీనికే."

హాల్వర్సన్ గారు వాసన చూసి, తాగకుండానే గ్లాసు కిందపెట్టింది. "లియాండ్రో, ఇది... కొంచెం ఘాటుగా లేదూ?"

"అదేనండీ మా అడవి వాసన," అన్నాడు దామియాన్ వెంటనే. "ఏడాది సీసాలో ఉంటే సర్దుకుంటుంది."

"సర్దుకోదు," అంది నోయెమి.

"నోయెమీ!"

"సర్దుకోదు దామియాన్. ఇది పాడైపోయింది. దీంట్లో కాయ వేస్తే కాయ కూడా పోతుంది."

లియాండ్రో గ్లాసు పీపా మీద ఠప్పున పెట్టాడు. "నా కొట్టంలో నిలబడి, నా పీపా గురించి, బయటివాళ్ల ముందు నాకే చెప్తున్నావా? నలభై ఏళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను నేను! నువ్వెవరే చెప్పడానికి?"

"లియాండ్రో."

నాలుగు రోజుల తర్వాత ఆవిడ నోటినుంచి వచ్చిన ఆయన పేరు. పెద్దగా అనలేదు. అయినా ఆయన నోరు అక్కడికక్కడే ఆగిపోయింది.

"దాని మీద అరవకు," అంది అంపారో. "ఆ గ్లాసు తీసుకుని, ఏం వాసన వస్తోందో చెప్పు."

"ఏంటీ పిచ్చి..."

"చెప్పు. నాలుకది కాదు, పులుపు నీకు తెలుసు. వాసన చెప్పు."

లియాండ్రో గ్లాసు ఎత్తాడు. ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. పెళ్లాం వైపు చూసిన ఆ చూపు నోయెమి తట్టుకోలేక తల వంచుకుంది.

"వద్దు అంపారో," అన్నాడు, పెదాలతో మాత్రమే.

"ఆరేళ్ల కిందట వచ్చిన జ్వరంలో ఈయనకి వాసన పోయింది," అంది అంపారో, ఎవరి వైపూ చూడకుండా. "కాఫీ వాసన తెలీదు, మాడిన రొట్టె వాసన తెలీదు. అప్పట్నుంచి నేను ముందే చూసి పెట్టుకుంటున్నాను. ఇక్కడ కూర్చుని సైగ చేస్తున్నాను. ఇవాళ చెయ్యలేదు. అంతే."

హాల్వర్సన్ గారు కోటు బొత్తాలు పెట్టుకుంది. "నేను సాయంత్రం ఫోన్ చేస్తాను," అంది మెల్లిగా. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఇది నా నోటినుంచి బయటికి రాదు." కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

లియాండ్రో ముసలివాడిలా ఓ ఖాళీ పీపా మీద కూర్చున్నాడు.

"పేరు కావాలా నీకు?" అన్నాడు. "పేపర్లో పేరు? అంత మాత్రానికి పరాయి మనిషి ముందు నా పరువు తీస్తావా? అడిగితే చెప్పేవాణ్ణిగా వాళ్లకి!"

"ఏమని చెప్పేవాడివి?"

ఆయన చేతిలో గ్లాసు నేల మీద పెట్టాడు.

"పేరు గొడవ కాదు," అంది అంపారో. "మొదట్లో గుర్తుందా? ప్రతిసారీ ఇంట్లోకి రాగానే నా చెయ్యి పట్టుకునేవాడివి. నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణే అనేవాడివి. రెండేళ్లకి అది మానేశావు. తర్వాత్తర్వాత మర్చేపోయావు. బుధవారం అది చదివి ఏం అనుకున్నానో తెలుసా? ఈయన అబద్ధం చెప్తున్నాడని కాదు. అబద్ధమైతే సరిపెట్టుకునేదాన్ని. నీ రక్తంలోనే ఉందని నిజంగా నమ్మి చెప్పావు నువ్వు. పక్కన కూర్చున్న నేను నీ బుర్రలోంచే పోయాను."

ఎండ కిటికీలోంచి నేల మీద పడుతోంది. అక్కడ చిందిన బీరు మీద రెండు చిన్న ఈగలు వాలాయి.

"రెండేళ్ల కిందట," అన్నాడు దామియాన్.

అప్పటిదాకా అతనొకడున్నాడన్న సంగతే అందరూ మర్చిపోయారు. ఐదో పీపా పక్కనే, పట్టకారు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రెండేళ్ల కిందట, ఎండాకాలంలో, గోడవైపు పీపా. నేను మిమ్మల్ని అడిగాను నాన్నా. ఏదో రంగు డబ్బా తెరిచినట్టు వాసనొస్తోంది, ఇది పోయిందేమో అని. ఏమన్నారు మీరు?"

లియాండ్రో కొడుకు వైపు చూశాడు.

"నవ్వారు. నా భుజం మీద చెయ్యేసి, పిచ్చోడా, అదేరా మన అడవి వాసన, ఇది తెలిసిన రోజున నువ్వు అర్రియేటావి అవుతావు అన్నారు. అవునా?"

"దామియాన్..."

"మీకు తెలీదు. మీకసలు ఏ వాసనా రావట్లేదు. అయినా అన్నారు."

"ఏదో ఒకటి చెప్పాలి కదరా అప్పుడు," అన్నాడు లియాండ్రో. "నువ్వు నా మొహంలోకే చూస్తున్నావు."

"నేను నేర్చుకున్నాను!" పట్టకారు నేలకేసి కొట్టాడు దామియాన్. "రెండేళ్లుగా ఆ వాసన వచ్చినప్పుడల్లా ఇది మంచిది, ఇది మంచిది అని నాకు నేను చెప్పుకున్నాను. నా పెళ్లాం నిన్న నిజం చెప్తే దానికేం తెలుసులే అనుకున్నాను. పొద్దున్న మీతో కలిసి దాన్ని చూసి నవ్వాను."

నోయెమి అతని దగ్గరికి అడుగు వేసింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. తల్లి వైపు తిరిగాడు.

"నువ్వూ అక్కడే ఉన్నావమ్మా ఆ రోజు."

అంపారో శాలువా దగ్గరికి లాక్కుంది.

"ఆ స్టూలు మీదే ఉన్నావు. నాన్న నాకు చెప్పింది విన్నావు. నెలరోజులకి ఆ పీపా కారిపోయిందన్నావు, ఖాళీ చేయించావు. కారలేదది. కదూ?"

"కారలేదు," అంది అంపారో. "నేనే పారబోయించాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే మీ నాన్న సంగతి బయటపడుతుందని."

"నాకొక్కడికి చెప్పొచ్చుగా. వంటింట్లో పిలిచి, ఒరే, నీ ముక్కు కరెక్టురా అని ఒక్క మాట."

"చెప్పొచ్చు," అంది ఆవిడ. "చెప్పలేదు."

దామియాన్ తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తలుపు తోసుకుని, తోటవైపు వెళ్లిపోయాడు. తలుపు గోడకి కొట్టుకుని తిరిగొచ్చి సగంలో ఆగింది.

*

ముగ్గురూ కొట్టంలోనే ఉండిపోయారు. తోటలోంచి సెల్సో మనుషుల పాటలు వినిపించాయి కాసేపు. అవీ ఆగిపోయాయి.

"మూడో పీపా తేలలేదు," అన్నాడు లియాండ్రో, నేల వైపు చూస్తూ. "దాన్ని ఉంచేట్టయితే వంద చెట్లు మనకే ఉంచాలి. లేకపోతే లారీకి. మంచు మన కోసం ఆగదు." ఆయన గొంతు బాగా తగ్గింది. "నువ్వు చూశావా అంపారో?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"నన్నడక్కు," అంది ఆవిడ. "ఎవర్ని అడగాలో నీకు తెలుసు."

లియాండ్రో లేచాడు. మూడో పీపా మేకు తానే లాగి, గ్లాసు సగం పట్టాడు. మేకు బిగించడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. టోపీ పెట్టుకోకుండానే బయటికి నడిచాడు. అత్తా కోడళ్లు వెనక వెళ్లారు.

దామియాన్ తోట మొదట్లో, బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అతని ట్రక్కు దారికి అడ్డంగా నిలిపి ఉంది. దాని అవతల సెల్సో, అతని మనుషులు కత్తెరలు పక్కన పెట్టుకుని, కాయ కొయ్యాలో వద్దో తెలీక కొమ్మల కింద కూర్చున్నారు. చెట్ల నిండా కాయలు, తొక్క మీద అక్కడక్కడా ఎరుపు.

తండ్రి వస్తున్నాడని చూసి కూడా దామియాన్ లేవలేదు.

"ఇది చూడు," అని గ్లాసు చాపాడు లియాండ్రో.

"అమ్మని అడగండి."

"అడిగాను. చెప్పనంది."

"నోయెమి ఉందిగా."

"నిన్నే అడుగుతున్నాను." గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే చాచి ఉంది. "ఆ రోజు నువ్వు నన్నడిగితే నీకు అబద్ధం చెప్పాను. నాకు తెలీదురా అనలేకపోయాను. ఇప్పుడంటున్నాను. నాకు తెలీదు. దీంట్లో ఏముందో నాకు తెలీదు. నువ్వు చెప్పు."

కొమ్మల కింద సెల్సో మనుషులు మొహాలు అటు తిప్పుకున్నారు.

దామియాన్ గ్లాసు తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క. నోయెమి పక్కనే నిలబడి చూస్తోంది. అతని మొహంలో ఒక్కొక్కటీ వచ్చి పోతున్నాయి, ఇదా, ఇది కాదా అని. చివరికి గ్లాసు దింపాడు.

"ఏమో నాన్నా."

"ఏంట్రా?"

"నాకేం తెలియట్లేదు." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాసన వస్తోంది. అది నాకు నిజంగా వస్తోందో, ఇలా రావాలని మీరు నేర్పింది వస్తోందో... విడదీయలేకపోతున్నాను."

లియాండ్రో మొహం నోయెమి చూడలేకపోయింది. అంపారో శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నోయెమి దామియాన్ చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అతను వద్దనలేదు. నిన్న ఆ మూత వేసిన వాసన గుర్తుంది ఆమెకి. వాసన చూసింది.

ఆ మూత వాసన ఇప్పుడు లేదు. గాలి తగిలి పూర్తిగా పోయింది. ముందు వానకి తడిసి ఆరుతున్న గడ్డి. తర్వాత దబ్బాకు నలిపినట్టు, పచ్చగా. నాలుక మీద పులుపు సన్నగా మొదలై చెంపల దాకా పాకింది. ఆఖర్న, ఎక్కడో వెనక, గోధుమరొట్టె అంచు. కాయ ఇంకా పడనే లేదు. పడితే ఏమవుతుందో నోటికి ముందే తెలుస్తోంది. ఈ ఐదింట్లో ఇదే మేలైనది. ఈ ఇంట్లో తను తాగినవాటిలోకెల్లా మేలైనది.

"ఏమైంది?" అన్నాడు లియాండ్రో. "తెలిసింది కదూ? నీకు తెలిసిపోయింది."

"చెప్పకు," అన్నాడు దామియాన్.

ఆమె అతని వైపు చూసింది.

"చెప్పకు నోయెమీ. దీన్ని నేనే కనుక్కోవాలి. నువ్వు చెప్పేస్తే నేను నీ నోటితో మాట్లాడతాను. మొన్నటిదాకా ఆయన నోటితో మాట్లాడాను. నీకు దండం పెడతాను, నాకోసం ఊరుకో."

"ఎంతసేపు ఊరుకోవాలి?"

"తెలీదు."

"చెట్ల కింద ఏడుగురు కూర్చున్నారు దామియాన్. ఐదింటికి లారీ వస్తుంది."

"తెలుసు. అయినా అడుగుతున్నాను."

"చెప్పెయ్యమ్మా." అంపారో ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నొప్పిగా ఉంది. "ఇప్పుడే చెప్పెయ్. మొగుడు అడిగాడని మొదటిసారి ఊరుకుంటే, రెండోసారి వాడు అడక్కుండానే ఊరుకుంటావు."

"అమ్మా, నువ్వు మధ్యలోకి రాకు!"

"వస్తాను. ఆ రోజు రాలేదు కాబట్టే ఇవాళ వస్తాను."

నోయెమి ఆ ముగ్గురినీ చూసింది. ఆమె నోట్లో ఆ పులుపు ఇంకా ఉంది. మెల్లిగా అత్తగారి చేతిలోంచి మోచెయ్యి విడిపించుకుంది. గ్లాసు తిరిగి భర్త చేతిలో పెట్టి, దాని చుట్టూ అతని వేళ్లు మూసింది.

"నాలుగింటిదాకా," అంది.

"ఏంటి?"

"నాలుగింటిదాకా ఊరుకుంటాను. అందాకా వాసన చూడు, తాగు, పారబోసి మళ్లీ పట్టుకో, నీ ఇష్టం. నాలుగయ్యాక నువ్వు వద్దన్నా, ఏడ్చినా, సెల్సో ఎదురుగా గట్టిగా చెప్పేస్తాను. తర్వాత నాతో మాట్లాడకపోతే మానెయ్."

దామియాన్ గ్లాసు మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

నోయెమి ట్రక్కులోంచి కత్తెర, కాన్వాసు సంచి తీసుకుంది. సంచి భుజానికి తగిలించుకుని, సెల్సో దాటి, ఉంచుదామన్న మూడు పీపాల కోసం ఎలాగూ కొయ్యాల్సిన మొదటి వరసలోకి వెళ్లింది. కొమ్మ వంచి మొదటి కాయ కోసింది. కాసేపటికి సెల్సో లేచాడు. అతని వెనక మిగతావాళ్లు లేచారు.

వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. చూసింది.

లియాండ్రో కొడుకు పక్కనే, మట్టిలో కూలబడి ఉన్నాడు. అంపారో ఇద్దరికీ దూరంగా నిలబడి ఉంది. దామియాన్ గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, కదలకుండా కూర్చున్నాడు.

నోయెమి వాచీ చూసుకుంది. పన్నెండు కావస్తోంది.